ఆ కింద వచ్చేది ఎక్కడికి పోయింది?

డౌన్‌లోడ్ అయిన ఫైల్ తెర మీద ఏ మూల కనబడాలి అన్న విషయంలో నాకున్నంత కోపం మామూలు మనుషులకు ఉండదని మా తమ్ముడు అంటాడు. ఉండదు మరి. వాళ్ళు రోజుకు ఒకటో రెండో ఫైళ్ళు దించుకుంటారు, చూసుకుంటారు, మూసేస్తారు. మాది సిరోంచలో ఆన్‌లైన్ సెంటర్. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర నుంచి రాత్రి దించేదాకా మా పనంతా ఫైల్ దించడం, ప్రింట్ తీయడం, స్కాన్ చేసి ఎక్కించడం, మళ్ళీ దించడం. సాతబారా (పొలం హక్కు కాగితం), ఎనిమిది-అ (ఒకరి పేర ఉన్న భూమి లెక్క), ఆదాయం దాఖలా, కులం దాఖలా, పిల్లల స్కాలర్‌షిప్ ఫారం, పీఎం కిసాన్ ఈ-కేవైసీ, పంట బీమా రసీదు, హాల్ టికెట్. ఇన్ని పనులకూ మా చేతిలో ఉన్న పనిముట్టు ఒక్కటే, బ్రౌజర్. దాన్ని మాకు చెప్పకుండా మార్చేస్తే కోపం రాదా?

సిరోంచ తెలియని వాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే నా ఫిర్యాదులో సగం ఈ ఊరి వల్ల పుట్టిందే. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి అవతలి గట్టున ఉంటాం. గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర. మా జిల్లా కేంద్రానికి పోవాలంటే రెండు వందల కిలోమీటర్ల పైనే, చాలావరకు అడవి దారి. వంతెన దాటితే మాత్రం తెలంగాణ, అందుకే కంప్యూటర్ పాడైతే మేం గడ్చిరోలి పోము, మంచిర్యాల పోతాం. ఇళ్ళలో మాట్లాడేది తెలుగు. బడి మరాఠీ. తలాఠీ, అంటే ఊరి భూముల లెక్క చూసే అధికారి, ఇచ్చే కాగితం మరాఠీ. బ్రౌజర్ మెనూలు ఇంగ్లీషు. నా వయసు వాళ్ళు చాలామంది తెలుగులో పోట్లాడతారు, పాటలు పాడతారు, కానీ తెలుగు అక్షరం చదవలేరు, మరాఠీ చదువుతారు. మా ముందు తరం వాళ్ళలో కొందరికి తెలుగు చదవడం వచ్చు, మరాఠీ కూడబలుక్కుంటారు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకటే.

ఇలాంటి చోట కంప్యూటర్ ఎలా నేర్చుకుంటారంటే, చోటును బట్టి. ఏ మాట రాసి ఉంది అని కాదు, ఎక్కడ ఉంది అని. "పై కుడి మూలన మూడు చుక్కలు నొక్కు, కింది నుంచి మూడోది పట్టు" అని మేం పనిలో చేరిన పిల్లలకు చెబుతాం. వాళ్ళు అలాగే నేర్చుకుంటారు, నెల తిరిగేసరికి నాకంటే వేగంగా చేస్తారు. పెద్ద నగరంలో ఆఫీసు ఉద్యోగి అయితే బటన్ చోటు మారినా దాని మీది మాట చదివి పట్టుకుంటాడు. మా వాళ్ళకు ఆ మాట ఉన్నా లేనట్టే. చోటే వాళ్ళకు చదువు. చోటు మార్చారంటే ఆ చదువు తీసేసినట్టే లెక్క, మళ్ళీ ఒకటో తరగతి.

అంకిసా వైపు నుంచి ఒక పెద్దాయన వస్తుంటాడు, మిర్చి వేస్తాడు. మా కౌంటర్ ముందు నిలబడి నా తెర వైపు చూస్తూ పని ఎంతదాకా వచ్చిందో ఆయనే చెప్పగలడు. గుండ్రంగా తిరిగేది ఆగిందా, ఎర్ర రంగులో ఏదన్నా వచ్చిందా, కింద ఎడమ మూలన చిన్న డబ్బా వచ్చిందా. ఆ డబ్బా వచ్చిందంటే కాగితం వచ్చినట్టు, జేబులోంచి డబ్బులు తీయొచ్చు. ఆ డబ్బా పోయిన కొత్తలో ఆయన "గా కింద వచ్చేది ఇంకా రాలేదేంది బిడ్డా, సర్వర్ డౌనా?" అని అడిగాడు. పైన వచ్చింది కాకా అని నేను చూపించే లోపే అది మాయమైంది. కొన్ని క్షణాలు కనబడి దాక్కుంటుంది కదా, అదీ దాని తీరు.

మా దగ్గర రెండు మూడు బ్రౌజర్లు పెట్టుకుంటాం, ఒక సైట్ ఒకదాంట్లో తెరుచుకోకపోతే ఇంకోదాంట్లో తెరుచుకుంటుందని. మా సెంటర్లో ఏది ఏ తిప్పలు పెట్టిందో పేరు పెట్టి తిట్టను, అందరిదీ ఒకటే దారి. ఫైర్‌ఫాక్స్ 2013లోనే, 20వ వెర్షన్‌తో, డౌన్‌లోడ్లను పైన టూల్‌బార్‌లో ఒక బటన్ వెనక్కి పంపింది. క్రోమ్ 2008 సెప్టెంబరులో పుట్టిన నాటి నుంచి కింద ఒక పట్టీ మీద చూపించేది. 2023లో దాన్నీ పైకి, అడ్రస్ బార్ కుడి పక్కకు తెచ్చారు. పదిహేనేళ్ళ అలవాటు. వాళ్ళు చెప్పిన కారణాలు తెలుసు: కింద పట్టీ చోటు తింటుంది, పేజీకి ఎక్కువ జాగా ఉండాలి, కొత్తది చుట్టూ తిరిగే గీతతో ఎంత దిగిందో చూపిస్తుంది. అన్నీ నిజమే. కానీ కింద పట్టీ ఒక పని చేసేది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. నేను మూసేదాకా అక్కడే ఉండేది. వరుసగా నాలుగు ఫైళ్ళు దిగితే నాలుగూ పేర్లతో పక్కపక్కన కూర్చునేవి, ఇది ఈయనది, అది ఆమెది అని కౌంటర్ అవతలి నుంచి కూడా కనబడేది. అక్కడి నుంచి నేరుగా పట్టుకుని వాట్సాప్ వెబ్‌లోకో అప్‌లోడ్ డబ్బాలోకో లాక్కుపోయేవాళ్ళం.

ఇప్పుడు మా పిల్లలు ఏం చేస్తారంటే, నొక్కుతారు, కిందకు చూస్తారు, ఏమీ కనబడదు, రాలేదనుకుని మళ్ళీ నొక్కుతారు. డౌన్‌లోడ్ ఫోల్డర్ తెరిచి చూస్తే ఒకే సాతబారా పక్కన బ్రాకెట్లో ఒకటి, బ్రాకెట్లో రెండు, బ్రాకెట్లో మూడు. ఒకే ఇంటిపేరు వాళ్ళు ఒకే ఊరి నుంచి వస్తారు కాబట్టి ఒకరి పొలం కాగితం ఇంకొకరి ఫోనుకు పోయేంత పని కూడా అయింది, చివరి క్షణంలో మా తమ్ముడు చూశాడు కాబట్టి సరిపోయింది. ఇది అందం గురించిన గొడవ కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం చెప్పాలి.

అందం గొడవలు కూడా తక్కువేం లేవు. 2014 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ 29 వచ్చినప్పుడు ట్యాబులు వంపు తిరిగాయి, పాత రూపం తెచ్చుకోవడానికే ఒక యాడ్-ఆన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న అదనపు ప్రోగ్రాం, పొడిగింపు అని కూడా అంటాం) పుట్టి బాగా పేరు తెచ్చుకుంది. 2018 సెప్టెంబరులో క్రోమ్ పదేళ్ళ పండుగకు గుండ్రటి ట్యాబులు వచ్చాయి. 2021 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 89 ట్యాబులను ఒక్కో బటన్‌లా గాలిలో తేల్చింది, పట్టీని లావు చేసింది, మెనూల్లో బొమ్మలు తీసేసింది, కాంపాక్ట్ అనే చిన్న సైజు ఎంపికను దాచేసింది. ఆ బొమ్మలు తీసేయడం నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది. మాట చదవలేనివాడికి ఆ బొమ్మే కదా దారి. ఇంకో తమాషా చూడండి, ఒకరేమో పేజీకి జాగా చాలడం లేదని కింది పట్టీ పీకేస్తారు, ఇంకొకరేమో పైన ట్యాబుల పట్టీని వేలెడు ఎత్తు చేస్తారు. మా దగ్గరున్నవి పాత చిన్న మానిటర్లు. ఒక సర్కారు పోర్టల్‌లో పైన మంత్రుల ఫొటోలు, దాని కింద పరుగెత్తే వార్తల పట్టీ, దాని కింద మెనూ, వీటన్నిటి కింద మిగిలిన జానెడు చోటులో ఫారం. అందులోంచి ఇంకో వేలెడు పోయింది.

ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ళకు ఒక చిట్కా, కాంపాక్ట్ ఇంకా బతికే ఉంది. అడ్రస్ బార్‌లో about:config కొట్టి ఆ పేజీ తెరిచి, compactmode అని వెతికితే 'షో' అని ముగిసే ఒక సెట్టింగ్ దొరుకుతుంది, దాన్ని ట్రూ చేస్తే టూల్‌బార్ మార్చుకునే చోట డెన్సిటీ జాబితాలో మళ్ళీ కనబడుతుంది. సపోర్ట్ లేదు అని పక్కన రాసి భయపెడతారు, పట్టించుకోకండి.

క్రోమ్‌లో అయితే ఫ్లాగ్స్ అనే పేజీ, ప్రయోగంలో ఉన్న సెట్టింగులది, ఉంటుంది, పెద్ద మార్పు వచ్చినప్పుడు పాత రూపానికి తిరిగి వెళ్ళే మీట కొన్నాళ్ళు అందులో దొరుకుతుంది. కొన్నాళ్ళే. తర్వాత ఒక అప్‌డేట్‌లో మీట ఎగిరిపోతుంది. ఆ లోపు అందరూ అలవాటు పడతారని లెక్క. అప్‌డేట్లు కూడా ఇప్పుడు నెల తిరక్కుండా వస్తాయి. ఒకప్పుడు ఆరు వారాలకు ఒకటి, ఫైర్‌ఫాక్స్ 2020 నుంచి, క్రోమ్ 2021 సెప్టెంబరు నుంచి నాలుగు వారాలకు ఒకటి. భద్రతకు సంబంధించిన మరమ్మతులు త్వరగా రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ తాళం బాగుచేసే మనిషి వచ్చిన ప్రతిసారీ ఇంట్లో తలుపు కూడా ఇంకో గోడకు మార్చిపోతే ఏమంటాం? రెండూ ఒకే అప్‌డేట్‌లో కట్టి పంపడమే నా అసలు ఫిర్యాదు. రూపం వద్దనుకుని అప్‌డేట్ ఆపితే భద్రత పోతుంది. భద్రత కావాలంటే రూపం భరించాలి. మధ్యలో దారి లేదా అంటే కొంచెం ఉంది, ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ అని ఆఫీసులు, బడుల కోసం ఉన్న రకం; దాంట్లో పెద్ద మార్పులు సుమారు ఏడాదికోసారి వస్తాయి, మధ్యలో మరమ్మతులు మాత్రమే. మేం మూడు మెషీన్లలో అదే పెట్టాం. నగరంలో ఎవరికో అవసరం అని చేసింది మా లాంటి వాళ్ళకే ఎక్కువ పనికొచ్చింది.

అన్ని మార్పులూ చెడ్డవని నేను అనను. తాళం బొమ్మ సంగతే చూడండి. మేం ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళందరికీ చెప్పాం, బ్యాంకు సైట్ తెరిచినప్పుడు పైన తాళం ఉందా చూసుకో కాకా, అక్కా, తాళం లేకపోతే ఓటీపీ కొట్టకు అని. 2023 సెప్టెంబరులో క్రోమ్ 117లో ఆ తాళం పోయింది, దాని చోట రెండు గీతల మీద రెండు గుండ్లు ఉన్నట్టుండే సెట్టింగుల బొమ్మ వచ్చింది. మొదట ఒళ్ళు మండింది. కానీ వాళ్ళు చెప్పిన కారణం చదివాక నోరు మూసుకున్నాను. 2021లో వాళ్ళు చేసిన పరిశోధనలో తాళం అర్థం సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు 11 శాతమే. తాళం అంటే మన కంప్యూటర్‌కు, ఆ సైట్‌కు మధ్య మాటలు మూడోవాడికి వినబడవు అని మాత్రమే. ఆ సైట్ మంచిదని కాదు. దొంగ సైట్లకు కూడా ఇప్పుడు తాళం ఉంటుంది, దానికి కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది. కిసాన్ పేరుతో, స్కాలర్‌షిప్ పేరుతో వచ్చే నకిలీ లింకులు ఇక్కడికీ వస్తాయి, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి, వాటికీ తాళం ఉండేది. అంటే జనం తాళం చూసి ధైర్యపడేవాళ్ళు, ఆ ధైర్యమే ప్రమాదం. అది తీసేయడం సబబే. ఇది కారణం ఉన్న మార్పు.

అయితే తాళం పోయాక మనిషి చూడాల్సింది అడ్రస్. అదేమో వీళ్ళు ఊరికే ఉండనివ్వరు. 2018లో క్రోమ్ 69 అడ్రస్ ముందున్న డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ దాచింది, గొడవ అయితే తిరిగి చూపించింది, 2019లో 76తో మళ్ళీ దాచింది. 2020లో ఇంకో అడుగు ముందుకేసి, కొంతమందికి మొత్తం అడ్రస్ దాచి సైట్ పేరు ఒక్కటే చూపించే ప్రయోగం చేశారు. నకిలీ సైట్లను జనం త్వరగా పట్టుకుంటారేమోనని ఆశ. 2021లో ఆపేశారు, భద్రత లెక్కల్లో తేడా ఏమీ రాలేదని వాళ్ళే చెప్పి ఆపేశారు. ఇది నాకు చాలా నచ్చింది. కొలిచారు, పని చేయలేదు, వెనక్కి తీసుకున్నారు. డౌన్‌లోడ్ పట్టీకి కూడా ఇలాగే మా లాంటి సెంటర్లలో వచ్చి కొలిచి ఉంటే ఎంత బాగుండేది. అడ్రస్ పూర్తిగా కనబడాలంటే అడ్రస్ బార్ మీద కుడి క్లిక్ చేస్తే ఎప్పుడూ పూర్తి అడ్రస్ చూపించు అన్న ఎంపిక ఉంటుంది, ఒకసారి టిక్ పెడితే చాలు. మేం అన్ని మెషీన్లలో పెట్టాం. సైట్ పేరు చివర జీఓవీ డాట్ ఇన్ ఉందా లేదా అన్నది పిల్లలకు మేం నేర్పే మొదటి పాఠం ఇప్పుడు.

ఇక నెమ్మది సంగతి. సెంటర్‌కు వచ్చే ప్రతివాడూ అనే మాట, మీ కంప్యూటర్ స్లో అక్కా. నిజమే. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. పైగా నెట్ ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు, వానాకాలంలో కరెంటు కూడా అంతే. కానీ అవే మెషీన్లు ఏడెనిమిదేళ్ళ క్రితం ఇంత ఏడిపించలేదు. మెషీన్ మారలేదు కాబట్టి బ్రౌజర్‌దే తప్పు అని మా తమ్ముడు తేల్చేశాడు. నేను ఒప్పుకోను, ఈ విషయంలో మా ఇద్దరికీ కౌంటర్ వెనక రోజూ వాదనే.

ఎందుకు ఒప్పుకోనంటే, 2018 జనవరిలో స్పెక్టర్ అని ఒక లోపం బయటపడింది, అది బ్రౌజర్‌ది కాదు, ప్రాసెసర్ చిప్పులదే. ఒక సైట్‌లోని కోడ్ అదే ప్రాసెస్‌లో (నడిచే ప్రోగ్రాంకు కంప్యూటర్ ఇచ్చే విడి గది లాంటిది) ఉన్న ఇంకో సైట్ జ్ఞాపకంలోకి తొంగి చూడగలదని తేలింది. మా సెంటర్‌లో ఒక ట్యాబులో బ్యాంకు, పక్క ట్యాబులో ఎవరో అడిగిన సినిమా పాటల సైట్. ఆ రెండూ ఒకే గదిలో ఉంటే ఎలా? అందుకని క్రోమ్ 67 నుంచి ఒక్కో సైట్‌ను వేరే ప్రాసెస్‌లో పెట్టడం మామూలు పద్ధతి చేశారు. దానికి మెమరీ 10 నుంచి 13 శాతం ఎక్కువ పడుతుందని వాళ్ళే చెప్పారు. ఫైర్‌ఫాక్స్ కూడా 2021 చివర్లో ఇదే దారికి వచ్చింది. 16 జీబీ ఉన్నవాడికి అది లెక్కలోకి రాదు. 4 జీబీలో విండోస్ తినగా మిగిలిన దాంట్లో ఆ పది శాతం తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అయినా సరే, ఈ ఖర్చు నాకు సమ్మతమే. వచ్చినవాళ్ళ బ్యాంకు పాస్‌వర్డులు నా మెషీన్ మీద కొడుతున్నారు, వాళ్ళు నన్ను నమ్మి కొడుతున్నారు. దానికోసం ప్రింట్ రావడం కొంచెం ఆలస్యమైతే కూర్చోండి కాకా, నీళ్ళు తాగండి అంటాను.

ఇంకో సగం తప్పు సైట్లది. ఒకప్పుడు ఫారం అంటే నాలుగు డబ్బాలు, ఒక బటన్. ఇప్పుడు అదే ఫారానికి కదిలే బొమ్మలు, వీడియో, చాట్ చేసే బొమ్మ, మూడు రకాల లెక్కలు చూసే స్క్రిప్టులు. వార్తల సైట్లయితే చెప్పనే అక్కర్లేదు. తెలుగు వార్త ఒకటి చదవాలంటే పేజీ నాలుగుసార్లు కిందికీ పైకీ ఎగురుతుంది, చదువుతున్న వాక్యం వేలి కింద నుంచి జారిపోయి ప్రకటన వచ్చి కూర్చుంటుంది. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు ఒకేలా కనబడే పద్ధతి) వాడని రోజుల్లో తెలుగు పత్రికలు సొంత ఫాంటులతో ఉంటే, ఆ పిచ్చి అక్షరాలను చదవగలిగే తెలుగుగా మార్చడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు వాడేవాళ్ళు, గుర్తుందా ఎవరికన్నా? అప్పుడు అక్షరం కనబడక తిప్పలు, ఇప్పుడు అక్షరం ప్రకటనల మధ్య దొరక్క తిప్పలు.

అందుకే ప్రకటనలు ఆపే పొడిగింపు మాకు సరదా కాదు, అవసరం. ఏదైనా సాఫ్ట్‌వేర్ వెతికితే పేజీ మీద డౌన్‌లోడ్ అని రాసిన పచ్చ బటన్లు ఐదు ఉంటాయి, అందులో నాలుగు ప్రకటనలు. కొత్తగా చేరిన పిల్లాడు పెద్దది నొక్కుతాడు, సాయంత్రానికి మెషీన్ నిండా చెత్త. యూబ్లాక్ ఆరిజిన్ పెట్టాక ఆ బాధ పోయింది, పేజీలు కూడా తేలికయ్యాయి. ఇంతలో క్రోమ్ వాళ్ళు పొడిగింపుల నియమాలు మార్చారు, మ్యానిఫెస్ట్ వీ3 అని, 2024లో మొదలుపెట్టి 2025కల్లా ఆ పాత పొడిగింపు పనిచేయకుండా పోయింది. యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అని కొంచెం బలం తక్కువది మిగిలింది. పొడిగింపులకు అంత అధికారం ఇవ్వడం ప్రమాదం అన్న వాదనలో కొంత నిజం ఉంది. కానీ ప్రకటనల మీద బతికే కంపెనీ ఆ మాట చెబితే వినేవాడికి నవ్వు వస్తుంది కదా. ఫైర్‌ఫాక్స్‌లో అది ఇంకా పూర్తిగా పనిచేస్తోంది. అదే ఫైర్‌ఫాక్స్ 2017 నవంబరులో 57వ వెర్షన్‌తో పాత పొడిగింపులన్నిటినీ ఒక్క దెబ్బకు ఆపేసింది అన్నది కూడా మరిచిపోకూడదు. అప్పుడు జనం ఎంత తిట్టారో. కానీ ఆ దెబ్బతోనే అది నిజంగా వేగం పుంజుకుంది, మా పాత మెషీన్లలో తేడా తెలిసింది. కారణం ఉన్న మార్పుల లెక్కలోనే దాన్నీ వేస్తాను.

ఫోన్ల సంగతి వేరే గోల. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇంట్లో ఫోన్‌లో ప్రయత్నించి, కుదరక వస్తారు. ఎందుకు కుదరదంటే ఓటీపీ. బ్రౌజర్‌లో ఫారం నింపుతారు, ఓటీపీ వస్తుంది, మెసేజ్ చూడటానికి బయటకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి పేజీ మళ్ళీ మొదటి నుంచి తెరుచుకుంటుంది, నింపిందంతా గాలికి. రెండు మూడు జీబీ ర్యామ్ ఉన్న ఫోన్‌లో ఒక యాప్ ముందుకు వస్తే వెనక ఉన్నదాన్ని ఆండ్రాయిడ్ నిద్రపుచ్చడమో తీసేయడమో చేస్తుంది. బ్రౌజర్‌ను తిట్టి లాభం లేదు, ఫోన్‌లో చోటే లేదు. మేం చెప్పేది ఒకటే: మెసేజ్ యాప్ తెరవకండి, పై నుంచి నోటిఫికేషన్ కిందకు లాగి అంకెలు చూసుకుని మళ్ళీ పైకి నెట్టండి. దీనికి సెంటర్‌కు రావాల్సిన పనే లేదు. మా గిరాకీ తగ్గినా చెబుతున్నాను.

యూసీ బ్రౌజర్ రోజులు తలచుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు ఇక్కడ. టూజీ మీద కూడా పేజీ తెరిచేది, 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదీ పోయింది. పోతే పోయింది.

సర్కారు సైట్లు కొన్ని ఇంకా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం కట్టినవే. డిజిటల్ సంతకం పెట్టే చోట జావా ఆప్లెట్ (బ్రౌజర్ లోపల ప్లగిన్ సాయంతో నడిచే చిన్న ప్రోగ్రాం) అడిగేవి. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో అలాంటి ప్లగిన్లకు తలుపు మూసేశాయి, ఎక్స్‌ప్లోరర్‌ను 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ విరమింపజేసింది. వాళ్ళ కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌లో, ఎక్స్‌ప్లోరర్ కోసం కట్టిన సైట్లు తెరవడానికి ఐఈ మోడ్ అని ఒక దారి ఉంచారు, కనీసం 2029 దాకా ఉంటుందట. అసలు దీన్నే నేను అందరికీ చూపిస్తాను, పాతదానికి ఇన్నేళ్ళు దారి ఉంచడం చేతకాదని ఎవరన్నారు? పెద్ద పెద్ద ఆఫీసులు అడిగితే ఏళ్ళ తరబడి ఉంచుతారు. మా లాంటి చిన్న సెంటర్లు, మా ముందు నిలబడే రైతులు అడిగితే ఫ్లాగ్స్‌లో నాలుగు నెలలు.

ఇప్పుడు కొత్తగా ఏఐ బటన్లు. ప్రతి బ్రౌజర్ పక్కన ఒక మెరుపు బొమ్మో చాట్ పట్టీయో వస్తోంది. ఉపయోగం లేదని అనను, మా తమ్ముడు దాంతో అర్జీలు రాయిస్తాడు. నాకు అభ్యంతరం అది వచ్చి కూర్చునే చోటుతోనే. రోజూ నొక్కే బటన్ పక్కనే కొత్తది పెడితే, చోటు గుర్తు పెట్టుకుని నొక్కేవాడి వేలు దాని మీదే పడుతుంది. పట్టీ తెరుచుకుంటుంది, పేజీ సగానికి కుంచించుకుపోతుంది, ఫారం డబ్బాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అనువాదం చేయనా అని అడిగే చిన్న పెట్టె కూడా ఇంతే, మరాఠీ పేజీ తెరిచిన ప్రతిసారీ సరిగ్గా మాకు కావాల్సిన బటన్ మీద వచ్చి నిలబడుతుంది. అది సెట్టింగుల్లో ఆపేయొచ్చు, ఆపేశాం.

చివరికి మేం చేసింది ఏమిటంటే, చోటును నమ్ముకోవడం మానేసి కీబోర్డును నమ్ముకున్నాం. కంట్రోల్ జె కొడితే ఏ బ్రౌజర్‌లోనైనా దిగిన ఫైళ్ళ జాబితా వస్తుంది. కంట్రోల్ పి ప్రింట్. కంట్రోల్ ఎల్ కొడితే అడ్రస్ బార్. పొరపాటున మూసిన ట్యాబు కంట్రోల్ షిఫ్ట్ టి. క్రోమ్‌లో షిఫ్ట్ ఎస్కేప్ కొడితే ఏ ట్యాబు ఎంత మెమరీ తింటోందో కనబడుతుంది, ఎక్కువ తినేదాన్ని అక్కడే ఆపేయొచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో దీనికి అబౌట్ ప్రాసెసెస్ అని పేజీ ఉంది. ఎన్ని రంగులు మారినా, ఎన్ని మూలలు గుండ్రం చేసినా వీటి జోలికి ఎవరూ పోలేదు ఇన్నేళ్ళలో. పిల్లలు చేరిన మొదటి రోజు మౌస్ పక్కన పెట్టించి ఇవే నేర్పుతున్నాం. కానీ కౌంటర్ అవతల నిలబడి తెర చూసే కాకకు కీబోర్డు ఏం ఉపయోగం? ఆయన కోసమని ప్రతి మెషీన్‌లో డౌన్‌లోడ్ ఫోల్డర్‌ను తెర కింది భాగంలో చిన్న కిటికీగా తెరిచి ఉంచుతున్నాం, కొత్త ఫైల్ పైన వచ్చేలా తేదీ వరుసలో. పేజీకి చోటు తగ్గింది, అవును. అక్కడ ఫైల్ పడగానే ఆయన జేబులో చెయ్యి పెడుతున్నాడు, నాకు అది చాలు.

ఇప్పుడు నాకున్న అసలు టెన్షన్ వేరే. విండోస్ 7 మీద క్రోమ్ 109తో ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ గడువును పొడిగిస్తూ వచ్చారు కాబట్టి మూలనున్న పాత మెషీన్ దాని మీదే నడిచింది. మిగతావన్నీ విండోస్ 10, దాని మామూలు గడువు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మా మెషీన్ల ప్రాసెసర్లు పాతవి, విండోస్ 11 ఎక్కించుకోవు. కొత్తవి కొనే డబ్బు ఈ సీజన్లో లేదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ పెడదామంటే బ్రౌజర్ గురించి బెంగ లేదు, ఫైర్‌ఫాక్స్ అక్కడా అదే; వేలిముద్ర మెషీన్ డ్రైవరు, పాత లేజర్ ప్రింటరు, ఈ రెండూ నడుస్తాయా అన్నదే అనుమానం. మీలో ఎవరైనా ఇలాంటి సెంటర్ నడుపుతూ 4 జీబీ మెషీన్ మీద లినక్స్‌తో వేలిముద్రలు తీస్తున్నవాళ్ళు ఉంటే, ఏ రకం పెట్టారో, డ్రైవర్ ఎక్కడ దొరికిందో కింద రాయండి. మరాఠీలో రాసినా సరే, ఇంగ్లీషు మాత్రం కొంచెం తక్కువగా.